ఎండీ-పీహెచ్‌డీకి వెళ్లాలా? అతుకుల దగ్గర ఏం జరుగుతుందో చూసి నిర్ణయించుకోండి

ముందు అడిగిందేమిటో క్లుప్తంగా. అమెరికాలో బయోకెమిస్ట్రీ మూడో ఏడాది చదువుతున్న విద్యార్థి రాశారు. రెండేళ్లుగా ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నారు. డాక్టర్ కావాలని ఉంది, పరిశోధన వదులుకోవాలని లేదు. ఎండీ-పీహెచ్‌డీకి, అంటే డాక్టర్ పట్టా, పరిశోధన పట్టా రెండూ కలిపి చేసే చదువుకు, ఎనిమిదేళ్లు పడుతుందని విని ఇంట్లో వద్దంటున్నారు. (అమెరికాలో ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టర్ పట్టా.) ఫీజు కట్టక్కర్లేదు కదా, వెళ్లమని స్నేహితులు అంటున్నారు. ఎండీ ఒక్కటే చేసి పరిశోధన చేయలేమా? రెండూ చేయాలంటే ప్రోగ్రాంను ఎలా ఎంచుకోవాలి?

నేనూ ఈ దారిలో వచ్చినవాడినే. రక్తవ్యాధుల క్లినిక్ చూస్తాను, ఒక ల్యాబ్ నడుపుతాను. ఎండీ-పీహెచ్‌డీ దరఖాస్తులు చదివి ఇంటర్వ్యూలు చేసే కమిటీలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇలాంటి ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబిస్తే అన్యాయం అవుతుంది కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎనిమిదేళ్లు అన్న అంకె చూసి భయపడకండి, ఫీజు లేదన్న మాట విని ఆశపడకండి. ఈ చదువులో చేరి చివరికి పరిశోధనకు దూరమైనవాళ్లను చాలామందిని చూశాను. చదువు కష్టమై దూరమైనవాళ్లు వాళ్లలో తక్కువ. ఒక దశ ముగించి ఇంకో దశలో అడుగుపెట్టే అతుకుల దగ్గరే ఎక్కువమంది జారిపోయారు. మీరు చేరబోయే చోట ఆ అతుకుల్ని ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నారో కనుక్కుంటే మీ నిర్ణయం సగం తేలినట్టే.

చదువు సాగే తీరు ఇది. మొదట మెడికల్ స్కూల్ పాఠాలు, రెండేళ్లు. చాలాచోట్ల ఇప్పుడు ఏడాదిన్నరకు కుదించారు. ఈ కాలంలోనే వేసవి సెలవుల్లో రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి, పీహెచ్‌డీ ఎవరి దగ్గర చేయాలో తేల్చుకుంటారు. తర్వాత మెడికల్ స్కూల్‌ను పక్కన పెట్టి సుమారు నాలుగేళ్లు పీహెచ్‌డీ. థీసిస్ అయ్యాక మళ్లీ వార్డులకు తిరిగివచ్చి క్లినికల్ రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున రోగుల దగ్గర పని, పూర్తి చేసి ఎండీ పట్టా అందుకుంటారు. అంతా కలిపి సగటున ఎనిమిదేళ్లు. ఏడేళ్లలో బయటపడేవాళ్లున్నారు, తొమ్మిది పదేళ్లు పట్టినవాళ్లూ ఉన్నారు. తేడా అంతా పీహెచ్‌డీ దగ్గరే వస్తుంది. ఎలుకల మీద చేసే ప్రయోగం విద్యార్థి క్యాలెండర్ చూసి నడవదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1956లో క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో రెండు పట్టాలూ కలిపి ఇచ్చే మొదటి ప్రోగ్రాం మొదలైంది. ఫెరిడ్ మురాద్ అక్కడే 1965లో రెండు పట్టాలూ అందుకున్నారు. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను ఎలా సడలిస్తుందో చూపినందుకు 1998లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే స్కూల్ నుంచి 1969లో బయటికొచ్చిన ఆల్ఫ్రెడ్ గిల్మన్‌కు కణంలోకి సంకేతాలు చేరవేసే జీ-ప్రొటీన్ల మీద చేసిన పనికి 1994లో వచ్చింది. 1964లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఈ చదువుకు ప్రభుత్వ నిధులివ్వడం మొదలుపెట్టింది. మెడికల్ సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రాం, అంటే అందరూ ఎంఎస్‌టీపీ అని పిలిచేది, అలా పుట్టింది. ఐన్‌స్టీన్, న్యూయార్క్ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్, ఈ మూడింటితో మొదలై ఇప్పుడు 50 దాటాయి. ఎన్ఐహెచ్ ఎంఎస్‌టీపీ గ్రాంటు లేకుండా సొంత నిధులతో నడిచే ఎండీ-పీహెచ్‌డీలు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని పూర్తి ఖర్చు భరిస్తాయి, కొన్ని భరించవు. దరఖాస్తు పెట్టేముందే ఈ సంగతి విడివిడిగా కనుక్కోవాలి.

ఇక డబ్బు. పూర్తి నిధులున్న ప్రోగ్రాంలో ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా అన్ని ఏళ్లూ స్టైపెండ్ ఇస్తారు. అప్పు చేసి ఎండీ చదివినవాళ్లకు బయటికొచ్చేసరికి సుమారు 2 లక్షల డాలర్ల అప్పు ఉండటం మామూలు. దాంతో పోల్చి ఇది లాభమనుకుంటారు. లెక్క పూర్తిగా వేయండి. ఎండీ మాత్రమే చేసినవాళ్ల కంటే మీరు నాలుగేళ్లు ఆలస్యంగా సంపాదన మొదలుపెడతారు. స్పెషలిస్టు డాక్టర్ జీతం ఒక్క ఏడాదికే ఆ అప్పు మొత్తం కంటే ఎక్కువ ఉంటుంది. మీరు పోగొట్టుకునేది నాలుగేళ్ల అలాంటి జీతం. పైగా పరిశోధన చేసే డాక్టర్ల జీతాలు ప్రైవేటు ప్రాక్టీసు జీతాల కంటే తక్కువ. ఫీజు మిగులుతుందని ఈ దారి పట్టడం డబ్బు పరంగా కూడా తప్పు లెక్క. ఫీజు ఎత్తేయడంలోని అసలు ప్రయోజనం వేరే ఉంది. అప్పు లేని మనిషి జీతం తక్కువైనా పరిశోధన ఉద్యోగాన్ని ఎంచుకోగలడు. ఎన్ఐహెచ్ దీని మీద డబ్బు పెట్టేది అందుకే.

మరి ఒకే మనిషి రెండూ ఎందుకు నేర్చుకోవాలి? డాక్టర్ ఒకరు, శాస్త్రవేత్త ఒకరు కలిసి పనిచేయొచ్చు కదా? చేయొచ్చు, చాలాచోట్ల చేస్తున్నారు కూడా. కానీ రెండూ ఒకే బుర్రలో ఉన్నప్పుడు ప్రశ్న పుట్టే తీరే మారిపోతుంది. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ చేసిన పని చూడండి. వంశపారంపర్యంగా కొలెస్టరాల్ విపరీతంగా పెరిగే జబ్బు ఒకటుంది. ఆ జన్యులోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే పిల్లలకు చిన్నతనంలోనే గుండెపోటు వస్తుంది. పదేళ్లు నిండని పిల్లల్లో కూడా వచ్చింది. తప్పు తిండిది కాదని తెలుస్తూనే ఉంది. మరి ఎక్కడుంది?

వాళ్లు అలాంటి రోగుల చర్మం నుంచి కణాలు తీసి గాజుపాత్రలో పెంచారు. మామూలు మనుషుల కణాలకు ఎల్‌డీఎల్, అంటే రక్తంలో కొలెస్టరాల్‌ను మోసుకెళ్లే రేణువులు, అందిస్తే, బయటి నుంచి కొలెస్టరాల్ వస్తోంది కాబట్టి అవి సొంతంగా తయారుచేసుకోవడం ఆపేస్తాయి. ఆ తయారీని నడిపే ఎంజైమ్ పని తగ్గిపోతుంది. రోగుల కణాల్లో ఎల్‌డీఎల్ ఎంత పోసినా ఆ ఎంజైమ్ తగ్గలేదు. అక్కడితో ఆగి ఉంటే తప్పు ఎంజైమ్‌దే అనుకునేవాళ్లు. కానీ వాళ్లు కొలెస్టరాల్‌ను ఆల్కహాల్‌లో కరిగించి, ఎల్‌డీఎల్ తొడుగు లేకుండా నేరుగా కణాలకు ఇచ్చారు. అప్పుడు రోగుల కణాల్లో కూడా ఎంజైమ్ పని ఆగిపోయింది! అంటే ఎంజైమ్ బాగానే ఉంది. ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి తీసుకోవాల్సిన ద్వారం కణం పైపొర మీద లేదు. ఎల్‌డీఎల్ రిసెప్టార్ అలా బయటపడింది. 1985లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. మంచం మీద పిల్లవాడిని చూసి కదిలిపోయిన మనసు, ఆల్కహాల్‌లో కరిగించి చూద్దామన్న చేయి, రెండూ ఆ ఇద్దరిలో కలిసే ఉన్నాయి. నాకు ఈ వృత్తి మీద ఉన్న గౌరవమంతా అలాంటి ప్రయోగాల వల్ల వచ్చిందే.

గమనించారో లేదో, బ్రౌన్‌కు గానీ గోల్డ్‌స్టీన్‌కు గానీ పీహెచ్‌డీ లేదు. ఇద్దరూ ఎండీలే. ఎండీ ఒక్కటే చేసి పరిశోధన చేయలేమా అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇదే: అవును, ఎండీ ఒక్కటే చేసి గొప్ప పరిశోధన చేయొచ్చు. కానీ వాళ్లకు దొరికిన వెసులుబాటు ఇప్పుడు లేదు. వియత్నాం యుద్ధకాలంలో డాక్టర్లను కూడా సైన్యంలోకి బలవంతంగా తీసుకునేవారు. ఎన్ఐహెచ్‌లో రెండు మూడేళ్లు పనిచేస్తే ఆ సేవ కింద లెక్కయ్యేది. దేశంలో బాగా చదివిన యువ డాక్టర్లు ఆ సీట్ల కోసం పోటీపడి, అక్కడ గొప్ప శాస్త్రవేత్తల పక్కన నిలబడి ప్రయోగాలు చేయడం నేర్చుకున్నారు. 1968లో చేరినవాళ్లలోనే బ్రౌన్, గోల్డ్‌స్టీన్, హెరాల్డ్ వార్మస్, రాబర్ట్ లెఫ్కోవిట్జ్ ఉన్నారు. నలుగురూ తర్వాత నోబెల్ అందుకున్నారు. 1973లో సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు, ఆ ఒరవడీ తగ్గిపోయింది. 1979లోనే జేమ్స్ విన్‌గార్డెన్ పరిశోధన చేసే డాక్టర్లు అంతరించిపోతున్న జాతి అని రాశారు. మూడేళ్ల తర్వాత ఆయనే ఎన్ఐహెచ్ డైరెక్టర్ అయ్యారు. 2014లో ఎన్ఐహెచ్ నియమించిన బృందం లెక్క తీస్తే అమెరికా డాక్టర్లలో పరిశోధన ముఖ్య వృత్తిగా ఉన్నవాళ్లు 1.5 శాతం దగ్గర తేలారు.

ఎండీ తర్వాత పరిశోధన నేర్చుకోవడానికి దారులు ఇప్పటికీ ఉన్నాయి. మెడికల్ స్కూల్ మధ్యలో ఏడాది సెలవు పెట్టి ల్యాబ్‌లో పనిచేయొచ్చు. క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీ లాంటి చోట పరిశోధన కలిపిన ఐదేళ్ల ఎండీ ఉంది, దానికి ట్యూషన్ ఫీజు లేదు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో స్టార్ అనే ప్రోగ్రాం రెసిడెన్సీ (ఎండీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ), ఫెలోషిప్ (ఆ తర్వాతి స్పెషలిస్టు శిక్షణ) చేసేవాళ్లకే పీహెచ్‌డీ చేసే వీలిస్తుంది. మీకు క్లినికల్ ట్రయల్స్ మీద, రోగుల రికార్డుల మీద ఆసక్తి ఉంటే ఎండీ చేసి, ఫెలోషిప్‌లో గణాంకాలు, ట్రయల్ డిజైన్ నేర్చుకుంటే సరిపోతుంది. నాలుగేళ్ల పీహెచ్‌డీ అక్కర్లేదు. అణువుల స్థాయిలో, కణాల్లో, జంతువుల్లో ప్రయోగాలు చేయాలని ఉంటే మాత్రం ఆ శిక్షణ 20ల వయసులో ఏకబిగిన దొరకడం చాలా పెద్ద తేడా. 35 ఏళ్ల వయసులో, ఇంటి బాధ్యతల మధ్య, రోగుల ఫోన్ల మధ్య పైపెట్ పట్టుకోవడం నేర్చుకోవడం ఎంత కష్టమో నా సహచరుల్ని చూశాను.

ఇప్పుడు అతుకుల గురించి.

మొదటిది పాఠాల నుంచి ల్యాబ్‌లోకి వెళ్లేది. దీని గురించి ఎక్కువ చెప్పను, మీరు రెండేళ్లుగా ల్యాబ్‌లో ఉన్నారు కాబట్టి ఇబ్బంది పడరు. ఒక్క సంగతి. గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకండి. ఆ ల్యాబ్ నుంచి బయటికొచ్చిన ఎండీ-పీహెచ్‌డీలు ఎన్నేళ్లలో వచ్చారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని అడగండి. ఇంకో పేపర్ అయ్యాక వెళ్దువుగానీ అంటూ ఏళ్ల తరబడి విద్యార్థిని ఆపేసే గైడ్లు ఉన్నారు. మీరు తిరిగి వార్డుకు వెళ్లాలన్న సంగతి గుర్తుంచుకునే గైడ్ కావాలి. ప్రోగ్రాం డైరెక్టర్ అలాంటి గైడ్‌తో మాట్లాడి విద్యార్థిని బయటికి తేగలరా లేదా అన్నది పెద్ద విద్యార్థుల్ని విడిగా అడిగితేనే తెలుస్తుంది.

రెండోది ల్యాబ్ నుంచి వార్డుకు తిరిగి రావడం. దీన్ని బయటివాళ్లు తక్కువ అంచనా వేస్తారు. నాలుగేళ్లు మీ ప్రయోగానికి మీరే యజమాని. ఎప్పుడు వస్తారో, ఏ ప్రశ్న వెంట వెళ్తారో అంతా మీ ఇష్టం. ఒక సోమవారం ఉదయం ఐదున్నరకు తెల్లకోటు వేసుకుని వార్డులో నిలబడతారు. మీతో మొదటి ఏడాది చదివిన క్లాస్‌మేట్ ఇప్పుడు మీ పైన సీనియర్ రెసిడెంట్. నా దగ్గర తిరిగిన ఒక విద్యార్థి థీసిస్ అంతా పొటాషియం ఛానెళ్ల మీదే, అంటే కణం పైపొరలో పొటాషియం దాటే దారుల మీద. ఛానెల్ ఎలా తెరుచుకుంటుందో, ఏ అమైనో ఆమ్లం దగ్గర పొటాషియం అయాన్ ఆగుతుందో నిద్రలో అడిగినా చెప్పగలడు. తిరిగొచ్చిన మొదటి వారంలోనే కిడ్నీలు పాడైన రోగి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 6.9 వచ్చింది, ఈసీజీలో టీ-వేవ్‌లు నిటారుగా లేచాయి. ముందు ఏం ఇవ్వాలని రెసిడెంట్ అడిగితే అతనికి నోట మాట రాలేదు. గుండె కండరాన్ని కాపాడటానికి ముందు కాల్షియం, తర్వాత పొటాషియంను కణాల్లోకి నెట్టడానికి గ్లూకోజ్‌తో ఇన్సులిన్. మెడికల్ స్కూల్లో చదివినదే, నాలుగేళ్లు వాడక మరుగున పడింది. అతను మంచి డాక్టర్ అయ్యాడు. కానీ ఆ మొదటి రెండు నెలలు తనకు అసలు ఇక్కడ చోటు లేదనిపించిందని తర్వాత చెప్పాడు. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే కొందరు లోలోపల ఒక తప్పు నిర్ణయం తీసేసుకుంటారు. రోగుల్ని చూడటం తమ వల్ల కాదని ఒకరు, ల్యాబ్ వల్లే ఇలా వెనకబడ్డామని ఇంకొకరు.

మంచి ప్రోగ్రాంలు దీనికి ముందే ఏర్పాటు చేస్తాయి. పీహెచ్‌డీ నాలుగేళ్లూ వారానికో రెండు వారాలకో ఒక పూట క్లినిక్‌కు పంపుతాయి. వార్డుకు తిరిగొచ్చేముందు కొన్ని వారాల పాటు రోగిని పరీక్షించడం, నోట్సు రాయడం మళ్లీ చేయిస్తాయి. మొదటి రొటేషన్‌గా తేలికైనది ఇస్తాయి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, పీహెచ్‌డీలో ఉన్నవాళ్లు చివరిసారి రోగిని ఎప్పుడు చూశారు అని వాళ్లనే అడగండి. గుర్తు చేసుకోవడానికి ఆలోచించాల్సి వస్తే మీకు జవాబు దొరికినట్టే.

మూడో అతుకు రెసిడెన్సీ. ఎండీ పట్టా వచ్చేసరికి మీకు 30 దగ్గర పడుతుంది. ఇంకా రెసిడెన్సీ, ఫెలోషిప్ ఉన్నాయి. ఇక్కడ పరిశోధకుల కోసం వేరే బాట ఉంది. ఇంటర్నల్ మెడిసిన్‌లో (మన దగ్గర జనరల్ మెడిసిన్ అనేది) మామూలుగా మూడేళ్లు చేయాల్సిన రెసిడెన్సీని రెండేళ్లకు తగ్గించి, తర్వాత మూడేళ్లు ఎక్కువ సమయం పరిశోధనకే కేటాయించే రీసెర్చ్ పాత్‌వేను అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనుమతిస్తుంది. పీడియాట్రిక్స్, పాథాలజీ లాంటి వాటిలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఎండీ-పీహెచ్‌డీలు సంప్రదాయంగా ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, పాథాలజీ, న్యూరాలజీ వైపు ఎక్కువ వెళ్లడానికి ఇదొక కారణం. సర్జరీ చేస్తూ ల్యాబ్ నడపడం అసాధ్యం కాదు. కానీ ఆపరేషన్ చేసే చేతికి నిత్యం పని ఉండాలి, ల్యాబ్‌కూ నిత్యం మనిషి ఉండాలి. ఆ రెండు కోరికల మధ్య నలిగిపోయిన సర్జన్లను చూశాను. చేయాలనుకుంటే ఇప్పుడే ఆ పని చేస్తున్న సర్జన్ ఎవరైనా మీకు మెంటర్‌గా ఉండాలి.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఫెలోషిప్ అయ్యాక మొదటి ఉద్యోగం. అప్పటిదాకా మీకో ప్రోగ్రాం ఉంది, డైరెక్టర్ ఉన్నారు, పేరు పెట్టి పిలిచేవాళ్లున్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. కే08 అనే ఎన్ఐహెచ్ గ్రాంటు ఉంది, సొంతంగా నిలబడేదాకా మూడు నుంచి ఐదేళ్లు ఆసరా ఇస్తుంది. మీ సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకే ఇవ్వాలన్నది దాని షరతు. అయితే అది మీ జీతం మొత్తం భరించదు. మిగతాది డిపార్ట్‌మెంట్ భరించాలి. డిపార్ట్‌మెంట్‌కు డబ్బు వచ్చేది రోగుల నుంచి. అందుకే 80 శాతం పరిశోధన, 20 శాతం క్లినిక్ అని మాటల్లో చెప్పినవాళ్లే, ఒక డాక్టర్ ఉద్యోగం మానేసిన రోజున మీకు ఇంకో క్లినిక్ పూట కలుపుతారు. ఆ 20 శాతం కూడా కాగితం మీద ఉన్నంత చిన్నది కాదు. సగం పూట క్లినిక్ అంటే ముందు రోజు సాయంత్రం రికార్డులు చదవడం, తర్వాత వారమంతా రిపోర్టులు, రోగుల సందేశాలు. ఈ దశలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పరిశోధనకు ఇస్తామన్న సమయం ఆఫర్ లెటర్‌లో అంకెతో, ఎన్నేళ్లో స్పష్టంగా ఉండాలి. మర్యాదగా అడగండి, కానీ రాయించుకోండి. సొంత ల్యాబ్‌కు మొదటి పెద్ద గ్రాంటు, ఆర్01, వచ్చేసరికి ఎండీ-పీహెచ్‌డీలకు సగటున 40 దాటుతోంది. ఇంట్లోవాళ్లు ఎనిమిదేళ్ల గురించి కంగారుపడుతున్నారు. వాళ్లు అడగాల్సింది ఈ చివరి పదేళ్ల గురించి.

ఇంత విన్నాక ఎంతమంది నిలబడతారని అనుమానం రావచ్చు. 24 ప్రోగ్రాంల పూర్వ విద్యార్థుల్ని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ ముగించినవాళ్లలో 81 శాతం యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో, ఫార్మా రంగంలో ఉన్నారు. మధ్యలో వదిలేసినవాళ్లు సగటున 10 శాతం. కాబట్టి ఈ శిక్షణ పనిచేస్తోంది. అయితే యూనివర్సిటీలో ఉన్నవాళ్లందరూ సగం సమయమైనా పరిశోధనలో గడుపుతున్నారనుకోకండి. ఆ 81లో చాలామంది రోగుల్ని చూస్తూ, పాఠాలు చెబుతూ పరిశోధన కొద్దిగానే చేస్తారు. అది ఓటమి అని నేను అనను. వాళ్ల చేతిలో వైద్యం పొందినవాళ్లకు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఆ పీహెచ్‌డీ ఉపయోగపడుతూనే ఉంది.

పిల్లల గురించి ఎవరూ బహిరంగంగా అడగరు, కాబట్టి నేనే చెబుతాను. ఈ శిక్షణ 22 నుంచి 38 దాకా సాగుతుంది. పెళ్లి, పిల్లలు అనుకునే వయసంతా అందులోనే. ముఖ్యంగా అమ్మాయిల మీద ఈ భారం ఎక్కువ. నేను చూసినంతలో పీహెచ్‌డీ రెండో, మూడో ఏడాదిలో బిడ్డను కన్నవాళ్లకు వార్డుల్లో ఉండగా కన్నవాళ్ల కంటే తేలిగ్గా గడిచింది, ల్యాబ్ వేళలు మన చేతిలో ఉంటాయి కాబట్టి. ప్రసూతి సెలవు ఎన్ని వారాలు, ఆ వారాల్లో స్టైపెండ్ వస్తుందా అని అడగడానికి మొహమాటపడకండి. ఇంటర్వ్యూలో అడగలేకపోతే సీటు వచ్చాక అడగండి.

దరఖాస్తు సంగతికి వస్తే, మామూలు ఎండీ వ్యాసంతో పాటు ఇంకో రెండు రాయాలి. ఎండీ-పీహెచ్‌డీ ఎందుకు అని 3,000 అక్షరాల్లో ఒకటి, పరిశోధన అనుభవం గురించి 10,000 అక్షరాల్లో ఇంకొకటి. కమిటీలో మేం మొదట తెరిచి చదివేది ఆ పెద్దదాన్నే. ల్యాబ్ పెద్దదని, పేపర్ పెద్ద జర్నల్‌లో వచ్చిందని రాస్తే మాకు ఏమీ తెలియదు. మీరు ఏ ప్రశ్న అడిగారు, దాన్ని తేల్చడానికి ఏం చేశారు, ఫలితం తేడాగా వస్తే ఏమనుకున్నారు, అది కావాలి. నాకు బాగా గుర్తున్న ఇంటర్వ్యూ ఒకటుంది. ఆ అమ్మాయి ఒక జన్యువును ఆపితే కణాలు చచ్చిపోయాయి. ఆ జన్యువు లేకపోతే కణం బతకదని తేల్చేయొచ్చు, గైడ్ కూడా సంబరపడ్డారట. ఆమె మాత్రం కంట్రోల్ పాత్ర తీసి మళ్లీ చూసింది. ఏ జన్యువునూ ఆపని ఆ కణాలు కూడా దాదాపు అంతే చచ్చిపోయాయి. తప్పు, జన్యువును ఆపే పదార్థాన్ని కణాల లోపలికి పంపడానికి వాడిన రసాయనం మోతాదుది. మోతాదు తగ్గించాక కణాలు హాయిగా బతికాయి, ఏడాది పని చేతికి రాలేదు. ఆమెకు ఒక్క పేపర్ కూడా లేదు. కమిటీలో ఎవరూ ఆమెకు సీటు వద్దనలేదు.

మీరూ మీ రెండేళ్ల పనిలోంచి అలాంటి సంగతి ఒకటి వెతకండి, తప్పకుండా ఉంటుంది. సిఫారసు ఉత్తరం విషయంలో ఒక జాగ్రత్త. పెద్ద ల్యాబుల్లో మీతో రోజూ పనిచేసింది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకులు), సంతకం గైడ్‌ది. గైడ్‌కు మీ గురించి పై పైనే తెలిస్తే ఉత్తరం చప్పగా వస్తుంది. ఇప్పటినుంచే నెలకోసారైనా ఆయన దగ్గర కూర్చుని మీ డేటా మీరే చూపించండి. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ విషయానికి వస్తే, సీట్లు తెచ్చుకుంటున్నవాళ్ల సగటు 528కి 515 దాటుతోంది. తక్కువ వచ్చినంత మాత్రాన తలుపు మూసుకోదు, కానీ మిగతాది గట్టిగా ఉండాలి. ఏటా దేశం మొత్తం మీద చేరేది సుమారు 700 మంది.

మీరు పౌరులో, గ్రీన్‌కార్డు ఉందో, వీసా మీద ఉన్నారో రాయలేదు. ఇది ముఖ్యం. ఎంఎస్‌టీపీకి డబ్బిచ్చే ఎన్ఐహెచ్ టీ32 గ్రాంటు పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే వర్తిస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లను సొంత డబ్బుతో తీసుకునే ప్రైవేటు స్కూళ్లు కొన్ని ఉన్నాయి, సీట్లు మాత్రం చాలా తక్కువ. ఇంకో మాట. 2025లో ఎన్ఐహెచ్ గ్రాంట్లు చాలా రద్దయ్యాయి, యూనివర్సిటీలన్నీ నిధుల గురించి టెన్షన్ పడ్డాయి. కాబట్టి ప్రతి ప్రోగ్రాంనూ ఒక ప్రశ్న అడగండి: టీ32 ఆగిపోయినా, నా గైడ్ గ్రాంటు పోయినా, చేరినవాళ్ల ఫీజు, స్టైపెండ్ చివరిదాకా స్కూల్ ఇస్తుందా? సూటిగా అవునని చెప్పేవాళ్లను ముందు వరుసలో పెట్టుకోండి.

చివరగా, మీ విషయంలో నా సలహా. మూడో ఏడాదిలో ఉన్నారు కాబట్టి వచ్చే వేసవిలోనే దరఖాస్తు పెట్టాలని తొందరపడకండి. డిగ్రీ అయ్యాక ఏడాదో రెండేళ్లో ల్యాబ్‌లో పూర్తి సమయం పనిచేయండి, వారానికో పూట ఆసుపత్రిలో స్వచ్ఛందంగా రోగుల మధ్య గడపండి. పరీక్షలు, హోంవర్క్ లేని ఆ రోజుల్లోనే పరిశోధన అసలు ఎలా ఉంటుందో తెలుస్తుంది. మా దగ్గర చేరేవాళ్లలో ఇప్పుడు చాలామంది ఇలా వచ్చినవాళ్లే, వాళ్లు ఎక్కువ నిలకడగా ఉంటున్నారు కూడా. ఆ ఏడాది చివర, ప్రయోగం పదోసారి పాడైన వారంలో కూడా పదకొండోసారి ఎలా చేయాలా అన్న ఆలోచనే వస్తే ఎండీ-పీహెచ్‌డీకి దరఖాస్తు పంపండి. రోగి పక్కన గడిపిన పూటే ఎక్కువ గుర్తొస్తే ఎండీకి పంపండి. ఎండీలో చేరాక మనసు మారినా దారి పూర్తిగా మూసుకుపోదు. చాలా స్కూళ్లు మొదటి, రెండో ఏడాది ఎండీ విద్యార్థులు తమ ఎండీ-పీహెచ్‌డీలోకి మారడానికి లోపలి నుంచి దరఖాస్తు తీసుకుంటాయి. మీరు పరిశీలిస్తున్న స్కూళ్లలో ఆ వీలుందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి.